దూలగొండి నుంచి ఉద్దానం దాకా: దురదలో మెదడు పాత్ర

(యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో మద్దిలపాలెంలో చేసిన ప్రసంగ పాఠం)



సుబ్బారావు గారి పేరు మీద సభ అంటే ఫోలిక్ ఆమ్లం గురించో, ఏటీపీ గురించో, కేన్సర్ మందుల గురించో వింటామని వస్తారు. 1895లో భీమవరంలో పుట్టి, 1948లో అమెరికాలో కన్నుమూసిన ఆయన జీవితంలో అవన్నీ ఉన్నాయి. బోదకాలు నివారణకు మన ఉత్తరాంధ్ర ఊళ్లలో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర కూడా ఆయన నడిపిన పరిశోధనలోంచే వచ్చింది. నేను మాత్రం దురద గురించి మాట్లాడదలచుకున్నాను. ఆయనకూ దురదకూ సంబంధం లేదనుకోకండి. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ పిల్లల లుకేమియాకు వాడి 1948లో ఫలితాలు ప్రకటించారు. 1951లో గబ్నర్ అనే వైద్యుడు అదే మందును కీళ్లవాతానికి ఇచ్చి చూస్తే సోరియాసిస్ ఉన్న చర్మం తేటపడింది. ఆ మందుకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఆ దారినే చర్మవైద్యంలోకి వచ్చింది. వారానికొకసారి వేసుకోమని ఇవాళ మనం రాసే మాత్ర అదే.

చర్మం జబ్బు అనుకున్నదానికి జవాబు చర్మానికి ఎంతో దూరంలో దొరికింది. ఈ సాయంత్రం నేను చెప్పేది కూడా ఆ దారిలోనిదే. దురద మొదలయ్యేది ఎక్కువగా చర్మంలోనే. అయితే అది ఎంత బాధించాలి, చెయ్యి ఎప్పుడు లేవాలి, ఎప్పుడు ఆగాలి, కారణం పోయాక కూడా దురద ఉండాలా వద్దా అన్నవి తేలేది మెదడు పైపొరలో, కార్టెక్స్ అని మనం పిలిచే చోట. చర్మాన్నే చూస్తూ కూర్చున్న వైద్యుడికి దురదలో సగం కనపడదు. ఆ కనపడని సగం మోస్తున్న మనుషులు మన ఉత్తరాంధ్రలోనే వేలల్లో ఉన్నారు. వాళ్ల దగ్గరికి తరవాత వస్తాను.

ముందు మనకు తెలిసిన మొక్కతో మొదలుపెడదాం. దూలగొండి తీగ మన్యంలోనూ, పొలం కంచెల మీదా పాకుతుంది. కాయ మీద బంగారు రంగు నూగు ఉంటుంది. అది ఒంటికి తగిలితే ఏమవుతుందో పల్లెలో పెరిగినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ప్రపంచంలో దురద మీద పనిచేసే పెద్ద ప్రయోగశాలలు ఈ నూగునే వాడతాయి. 1955లో షెల్లీ, ఆర్థర్ అనే ఇద్దరు పరిశోధకులు ఇందులో దురద పుట్టించేది ప్రోటీన్లను ఖండించే ఒక ఎంజైమ్ అని చూపించారు. 2008లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి బృందం ఆ ఎంజైమ్‌ను వేరుచేసి, అది నాడుల మీద ఏ గ్రాహకాలను తడుతుందో తేల్చింది. ఆ వ్యాసంలో మొదటి రచయిత వేమూరి బి. రెడ్డి. మన కంచె మీది తీగ రహస్యాన్ని విప్పినవారి వరసలో ముందు ఆ పేరు కనిపించడం నాకు గర్వంగా ఉంటుంది.

ఈ నూగు ప్రయోగశాలకు ఎందుకంత ముఖ్యం? హిస్టమిన్ వల్ల వచ్చే దురదకు దద్దురు లేస్తుంది, సెట్రిజిన్ వంటి మాత్రకు తగ్గుతుంది. దూలగొండి దురదకు అలాంటి దద్దురు లేవదు, ఆ మాత్రలకు లొంగదు. అంటే దురదకు కనీసం రెండు దారులున్నాయి. మనం చూసే దీర్ఘకాలపు దురదల్లో చాలా భాగం ఈ రెండో దారివే. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర నిద్ర తెప్పించి దురద మాన్పించకపోవడానికి ఇదొక కారణం.   

చర్మంలోంచి దురదను మోసే నాడీతంతువులు చాలా సన్ననివి, చాలా నిదానం. 1997లో జర్మనీలో ష్మెల్జ్ బృందం మనిషి చర్మంలో హిస్టమిన్ దురదను మోసే తంతువులను మొదటిసారి పట్టుకుంది. వాటి వేగం సెకనుకు సుమారు అర మీటరు. కాలి మడమ దగ్గర పుట్టిన దురద వెన్నుపాము చేరడానికి రెండు సెకన్లు పడుతుందన్నమాట. వెన్నుపాములో దురదకు ప్రత్యేకించిన నాడీకణాలున్నాయని 2009లో సెయింట్ లూయిస్‌లో సన్, చెన్ అనే పరిశోధకులు ఎలుకల్లో చూపించారు. అంతవరకు దురద అంటే బలహీనమైన నొప్పి అనే అభిప్రాయం వైద్యంలో బలంగా ఉండేది. ఆ పని తరవాత అది నిలవలేదు.

గోకడానికి మెదడు అవసరమే లేదు కదా అని మీలో ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. వందేళ్ల కిందటే షెరింగ్టన్ దీన్ని పరీక్షించాడు. మెడ దగ్గర వెన్నుపాము తెగి, మెదడుతో సంబంధం లేని కుక్క వీపు మీద గిలిగింత పెడితే, వెనక కాలు లేచి సెకనుకు నాలుగైదు సార్లు లయగా గీరుతుంది. గోకుడు తాళం వెన్నుపాములోనే రాసి ఉంది. కానీ ఆ కుక్కకు దురద లేదు. దానికి ఆ బాధ తెలియదు. ఆపుదామని ఆపలేదు, తరవాత గోకుదామని వాయిదా వెయ్యలేదు. పెళ్లి పీటల మీద కూర్చున్న వరుడు వీపు దురదను ఓర్చుకుంటాడు. చిన్న పిల్లవాడు బడిలో మేష్టారి ముందు చెయ్యి కదపకుండా నిలబడి, బయటికి రాగానే రెండు చేతులా గోక్కుంటాడు. ఈ తేడా అంతా వెన్నుపాముకు పైన ఉన్నదాని పని.

ఆ పైనున్నదాన్ని కళ్లతో చూసే వీలు 1990ల్లో వచ్చింది. స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో సియే, ఇంగ్వార్ తదితరులు మనుషుల చేతికి హిస్టమిన్ ఇచ్చి పెట్ స్కాన్ తీశారు. 1994లో వచ్చిన ఆ ఫలితం నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. వాళ్లెవరూ గోక్కోలేదు, చెయ్యి కదపలేదు. అయినా కార్టెక్స్‌లో కదలికను సిద్ధంచేసే భాగాలు వెలిగాయి. దురద మెదడుకు చేరేటప్పటికే అందులో గోకాలన్న తహతహ కలిసిపోయి ఉంది. నొప్పి పుడితే చెయ్యి వెనక్కి లాక్కుంటాం. దురద పుడితే చెయ్యి అటే వెళుతుంది. 1660లోనే జర్మన్ వైద్యుడు హాఫెన్‌రెఫర్ దురదను గోకాలన్న కోరిక పుట్టించే అసౌఖ్యమని నిర్వచించాడు. మూడు శతాబ్దాల తరవాత స్కానర్ ఆయన మాటకు సాక్ష్యం చెప్పింది.

మెదడులో దురదకంటూ ఒక్క కేంద్రం లేదు. ఎక్కడ పుట్టిందో, ఎంత ఉందో స్పర్శ కార్టెక్స్ గమనిస్తుంది. లోపలికి ముడుచుకుని ఉన్న ఇన్సులా, మధ్యగీతకు ఆనుకుని ఉన్న సింగ్యులేట్ భాగాలు దాన్ని భరించలేని బాధగా మారుస్తాయి. ముందరి భాగాలు ఇప్పుడు గోకవచ్చా, ఓర్చుకోవాలా అని తూస్తాయి. హిస్టమిన్ దురదనూ దూలగొండి దురదనూ పక్కపక్కన పెట్టి 2012లో పపోయూ, యోసిపోవిచ్ బృందం ఎంఆర్ఐ తీస్తే, రెండింటికీ ఉమ్మడి భాగాలు ఉన్నా దూలగొండి దురద ఇన్సులాలోనూ, అడుగునున్న పుటామెన్ వంటి నాడీకణాల ముద్దల్లోనూ ఇంకా విస్తారంగా కదలిక తెచ్చింది.

ఇక గోకుడు. గోకితే దురద ఎందుకు తగ్గుతుంది? కొంత పని వెన్నుపాములోనే జరుగుతుంది. మినెసోటాలో గీస్లర్ బృందం 2009లో కోతుల వెన్నుపాములో నాడీకణాల చప్పుడు విన్నది. హిస్టమిన్‌కు స్పందిస్తున్న కణాలు, చర్మాన్ని గీరగానే నెమ్మదించాయి. దురద లేనప్పుడు గీరితే నెమ్మదించలేదు. అంటే గోకుడు పనిచెయ్యడానికి దురద ఉండాలి. పైన కార్టెక్స్‌లో ఇంకొకటి జరుగుతుంది. 2008లో యోసిపోవిచ్ బృందం పదమూడుగురు ఆరోగ్యవంతుల కాలి మీద చిన్న బ్రష్షుతో గీరుతూ స్కాన్ తీసింది. అసహ్యకరమైన అనుభవాలకు సంబంధించిన సింగ్యులేట్ భాగాల్లో కదలిక పడిపోయింది, గట్టిగా గీరిన కొద్దీ ఇంకా పడిపోయింది. 2013లో అదే బృందం దూలగొండితో దురద పుట్టించి, ఒకసారి ఎవరి దురద వారినే గోక్కోనిచ్చి, ఇంకోసారి వేరేవారితో గోకించింది. ఎవరికి వారు గోక్కున్నప్పుడు హాయి ఎక్కువ. రుచికరమైన తిండికీ, డబ్బు గెలుపుకూ స్పందించే బహుమాన కేంద్రాలు అప్పుడు మేలుకున్నాయి. డోపమిన్ నడిపే దారులు అవి.

ఇక్కడ ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. అదే దూలగొండి గింజల్లోంచి 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి ఎల్-డోపాను వేరుచేశారు. మెదడు డోపమిన్ తయారుచేసుకునే ముడిసరుకు అది, పార్కిన్సన్ జబ్బుకు మందు. కాయ మీది నూగు దురద పుట్టిస్తుంది, కాయలోని గింజ గోకుడు హాయికి సంబంధించిన రసాయనానికి పునాది ఇస్తుంది. ఇందులో ప్రకృతి ఉద్దేశం ఏదో ఉందని నేననను. ఒక్క కాయలో ఈ రెండూ ఉండడం మాత్రం నన్ను ఆనందపెడుతుంది.

ఆ హాయిలోనే ఉచ్చు ఉంది. గోకితే చర్మం గాయపడి కొద్దిగా నొప్పి పుడుతుంది. నొప్పిని అణచడానికి మెదడు కాండం సెరటోనిన్ కిందికి పంపుతుంది. 2014లో చెన్ బృందం ఎలుకల్లో చూపించింది ఏమిటంటే, వెన్నుపాములోని దురద కణాలను ఆ సెరటోనినే మళ్లీ ఎగదోస్తుంది. దురద, గోకుడు, ఊరట, మళ్లీ ఇంకొంచెం పెద్ద దురద. కార్టెక్స్ ఈ చక్రాన్ని అటూ ఇటూ తిప్పగలదు. ఎలుకల్లో సింగ్యులేట్ కార్టెక్స్ నుంచి స్ట్రయేటమ్‌కు పోయే దారిని అణచివేస్తే హిస్టమిన్ గోకుడు తగ్గిందని, క్లోరోక్విన్ గోకుడు తగ్గలేదని 2018లో ఒక చైనా బృందం చెప్పింది. మన ఏజెన్సీలో చలిజ్వరానికి దశాబ్దాల పాటు ఇచ్చిన క్లోరోక్విన్ దురద ప్రయోగాల్లో వాడుక సరుకు. బెంగళూరు ఐఐఎస్‌సిలో అర్నబ్ బారిక్ బృందం కూడా ఈ రంగంలో పనిచేస్తోంది. అప్పటికప్పుడు వచ్చిపడే ఒత్తిడి దురదను అణచే దారిని వాళ్లు ఎలుకల హైపోథాలమస్‌లో గుర్తించారు. ప్రాణభయం ముందు దోమకాటు గుర్తురాదు. దీర్ఘకాలపు దిగులు మాత్రం దీనికి ఎదురు పనిచేస్తుంది, దురదను పెంచుతుంది. ఇది ఓపీలో కూర్చున్న ప్రతి చర్మవైద్యుడికీ తెలుసు.

చర్మంలో ఏమీ లేకుండా మెదడే దురద పుట్టించగలదా? పుట్టించగలదు. జర్మనీలోని గీసెన్‌లో నీమియర్, గీలర్ అనే వైద్యులు జనానికి దురద మీద ఒక ఉపన్యాసం ఏర్పాటుచేశారు. మొదటి సగంలో దురద పుట్టించే పురుగులు, దద్దుర్ల బొమ్మలు చూపించారు. రెండో సగంలో మెత్తని చర్మం, పసిపిల్లల బొమ్మలు. కెమెరా పెట్టి లెక్కిస్తే మొదటి సగంలో సభికులు బాగా ఎక్కువగా గోక్కున్నారు. 2012లో ఇంగ్లండులో హోలె బృందం 51 మందికి ఎవరో గోక్కుంటున్న వీడియోలు చూపిస్తే మూడింట రెండొంతుల మంది గోక్కున్నారు. చూపించింది చేతులూ ఛాతీ మాత్రమే. కొందరికి తీసిన స్కాన్లలో నిజమైన దురదకు మేలుకునే భాగాలే మేలుకున్నాయి. ఎక్కువ గోక్కున్నది జాలి ఎక్కువున్నవాళ్లు కాదు, ప్రతికూల భావాలకు తొందరగా లోనయ్యే స్వభావం ఉన్నవాళ్లు. చెయ్యి పోగొట్టుకున్నవాడికి లేని వేళ్ల మధ్య దురద పుట్టడం కూడా వైద్యంలో పాత సంగతి. గోకడానికి వేళ్లు లేవు, దురద ఉంది.

దీనికి తిరగేసిన ప్రయోగం 2013లో ల్యూబెక్‌లో హెల్మ్‌చెన్ బృందం చేసింది. కుడిచేతికి దురద పుట్టించి, మధ్యలో అద్దం నిలబెట్టి, ఎడమచేతిని గోకారు. అద్దంలో చూస్తున్న మనిషికి గోకుతున్నది కుడిచేతినే అనిపించింది. దురద కొంత తగ్గింది. దురద ఉన్న చర్మాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కన్ను చెప్పిన అబద్ధాన్ని కార్టెక్స్ నమ్మితే చాలింది.

ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా సంగతి. ఈ మద్దిలపాలెం కూడలిలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే బస్సులు ఆగుతాయి. విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు పోవాలని దిగే వాళ్లలో పలాస, కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం వైపు వాళ్లుంటారు. కొబ్బరి, జీడి తోటల ఉద్దానం వాళ్లది. అక్కడ మూత్రపిండాల జబ్బు ఇంటింటి కథ. షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా వస్తున్న ఆ జబ్బుకు మూలకారణం మీద ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది. పలాసలో 2023 డిసెంబరులో రెండువందల పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. ఆ వైపు ఊళ్లలో దురద రెండు రకాలుగా కనిపిస్తుంది. జీడిపిక్కల బట్టీల్లో పనిచేసే ఆడవాళ్ల చేతులకు పిక్క తొక్కులోని నూనె అంటుకుని చర్మం కాలుతుంది, పొక్కుతుంది, దురద పెడుతుంది. ఆ దురద కంటికి కనిపిస్తుంది. చేతి తొడుగు, పూతమందు, పనిలో జాగ్రత్త దానికి చాలా వరకు జవాబు. డయాలసిస్ మీద ఉన్నవాళ్ల దురద అలాంటిది కాదు. చర్మం మీద వెతికితే గోళ్ల గీతలు తప్ప ఏమీ ఉండవు. వీపు మీదో, చేతుల మీదో, ఒక్కోసారి ఒళ్లంతానో వస్తుంది. రాత్రి ముదురుతుంది. నిద్ర ఉండదు. మంచం పక్కన పడుకున్న భార్యకో కూతురికో కూడా నిద్ర ఉండదు.

ఇది ఎంతమందికి? 12 దేశాల్లో డయాలసిస్ రోగుల మీద జరిగిన డాప్స్ అనే పెద్ద పరిశీలన 2006లో చెప్పిన లెక్క, నూటికి 42 మందికి మధ్యస్థం నుంచి తీవ్రమైన దురద ఉందని. అలాంటివాళ్లలో మరణాలు కూడా ఎక్కువే, అందులో పెద్ద పాలు నిద్రలేమిదని ఆ పరిశీలకులు తేల్చారు. 2017లో వచ్చిన తరవాతి విడత నాకు ఇంకా బాధ కలిగించింది. డయాలసిస్ కేంద్రాల బాధ్యులైన వైద్యుల్లో మూడింట రెండొంతులకు పైగా తమ రోగుల్లో దురద ఎంతమందికి ఉందో తక్కువగా అంచనా వేశారు. ఎప్పుడూ దురదతో ఉన్న రోగుల్లో నూటికి 17 మంది ఆ మాట ఏ వైద్యుడికీ చెప్పనే లేదు.

ఎందుకు చెప్పరు? కిడ్నీలు పోయిన మనిషికి దురద ఒక ఫిర్యాదా అని మొహమాటం. చూపిస్తే దద్దురు లేదు, గజ్జి లేదు, ఇంకేం చెప్పాలి? చెప్పినా ‘ఊరికే గోక్కోకు, మనసు మళ్లించుకో’ అంటారు. చర్మం మీద ఏమీ లేకపోతే అది మనసు చేస్తున్న మాయ అని మన సమాజంలో గట్టి నమ్మకం. ఆ మాట తప్పని రుజువులున్నాయి. 2014లో పపోయూ బృందం డయాలసిస్ దురద ఉన్నవాళ్ల మెదళ్లను ఆరోగ్యవంతుల మెదళ్లతో పోల్చింది. కార్టెక్స్‌లో కొన్నిచోట్ల బూడిదరంగు పదార్థం సాంద్రతే మారి ఉంది. ఇన్సులా, సింగ్యులేట్ వంటి చోట్లకు రక్తప్రసరణ పెరిగి ఉంది. రక్తంలోని మలినాలు, నాడుల దెబ్బ, శరీరంలో సహజంగా ఉండే ఓపియాయిడ్ల అసమతుల్యత కలిసి ఏళ్ల తరబడి దురద సంకేతాలు పంపితే, మెదడు ఆ సంకేతాలకు అలవాటుపడి తనే రూపు మార్చుకుంటోందన్నమాట. ఆ మనిషి నటించడం లేదు. అతని దురద స్కాన్‌లో కనిపించేంత నిజం.

కారణం పైన ఉంటే మందు కూడా పైన పనిచేసేది కావాలి. యాంటీహిస్టమిన్ మాత్ర ఈ దురదకు పెద్దగా పనిచెయ్యదు. నాడుల నొప్పికి వాడే గబాపెంటిన్‌ను డయాలసిస్ తరవాత చిన్న మోతాదులో ఇస్తే చాలామందికి ఊరట వస్తుంది. కిడ్నీలు పనిచెయ్యనివాడికి మోతాదు మించితే మగత, తూలుడు వస్తాయి కాబట్టి వైద్యుడి చేతి మీదుగానే. కప్పా ఓపియాయిడ్ గ్రాహకాన్ని తట్టే నాల్‌ఫురాఫిన్‌ను జపాన్ 2009లోనూ, అదే గ్రాహకం మీద చర్మం దగ్గరి నాడుల్లో పనిచేసే డైఫెలికెఫాలిన్‌ను అమెరికా 2021లోనూ ఆమోదించాయి. ఆ రెండోది కార్టెక్స్ దాకా వెళ్లకుండానే పనిచేస్తుంది. కాబట్టి నా వాదనకు హద్దు కూడా ఉంది. దురదంతా తలలోనే ఉందని నేను అనడం లేదు. కింది నుంచి వచ్చే సంకేతాన్ని తగ్గించాలి, పైన బిగుసుకున్న అలవాటును సడలించాలి. ఏ ఒక్కటి చేసి రెండోది వదిలినా రోగి మళ్లీ మన దగ్గరికే వస్తాడు.

పైన బిగుసుకున్నదాన్ని సడలించే పద్ధతి ఒకటి ఎగ్జిమా రోగుల మీద స్వీడన్‌లో మెలిన్ బృందం 1986లో పరీక్షించింది. స్టెరాయిడ్ పూత ఒక్కటే ఇచ్చినవాళ్ల కంటే, పూతతో పాటు అలవాటు మార్చుకునే శిక్షణ పొందినవాళ్లు తక్కువ గోక్కున్నారు, చర్మం కూడా త్వరగా మానింది. లండన్‌లోని చెల్సీ అండ్ వెస్ట్‌మిన్‌స్టర్ ఆసుపత్రిలో దీన్ని రోజువారీ వైద్యంగా మలిచారు. మొదటి వారం గోకడం మానమని అనరు. చేతిలో లెక్కించే చిన్న పరికరం పెట్టి, గోకిన ప్రతిసారీ నొక్కమంటారు. తనకు తెలియకుండా ఎన్నిసార్లు గోక్కుంటున్నాడో రోగికి అప్పుడు తెలుస్తుంది. తరవాత దురద పుట్టగానే పిడికిలి బిగించి కొంతసేపు పట్టుకోవడం, అప్పటికీ ఆగకపోతే ఆ చోట గోటితో నొక్కడం నేర్పుతారు. గోకాలన్న తహతహకు కార్టెక్స్ ఇప్పటికే సిద్ధంచేసుకున్న కదలికకు బదులు ఇంకో కదలిక ఇస్తున్నారన్నమాట. ‘గోకకు’ అనే మాటలో చేతికి ఏ పనీ లేదు. అందుకే అది పనిచెయ్యదు. పిల్లల చేతి మీద కొట్టే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇదే: కొట్టకండి, ఆ చేతికి ఇంకో పని ఇవ్వండి, పూతమందు వేళకు రాయండి, గోళ్లు కత్తిరించండి.

ఇక్కడ కూర్చున్న హౌస్‌సర్జన్లలో కొందరు రేపు ఉదయం డయాలసిస్ వార్డులో ఉంటారు. మీ చార్టులో బరువు, బీపీ, డయాలసిస్ గంటలు రాసే గళ్లున్నాయి. దురదకు గడి ఉండకపోవచ్చు. పెన్నుతో ఒకటి గీయండి. సున్నా నుంచి పది వరకు నిన్న రాత్రి దురద ఎంత అని అడగండి. ఎక్కడ వస్తుంది, ఎన్నిగంటలకు మేలుకున్నారు అని కూడా అడగండి. సోంపేట నుంచి వచ్చిన పెద్దాయన మొదటిసారి ‘ఏదో కొంచెం బాబూ’ అంటాడు. పక్కన కూర్చున్న ఆయన కోడలిని అడగండి, ఆమె అంకె చెబుతుంది. ఆ అంకె నాలుగు దాటితే, ఫాస్ఫరస్, కాల్షియం ఒకసారి చూసి, డయాలసిస్ సరిపోతోందో లేదో చూసి, అప్పుడు సెట్రిజిన్ పేరు రాయకుండా మీ నెఫ్రాలజీ ప్రొఫెసర్‌తో గబాపెంటిన్ గురించి మాట్లాడండి.